ప్రీలాంచ్ ఫ్లాటుకు మొత్తం డబ్బు కట్టే ముందు ఇది చదవండి

నగరంలో సొంతిల్లు జీతగాళ్లకు అందకుండా పోయిందని తెలిసే మాకు ఒక బిల్డరు వల వేశాడు. ప్రీలాంచ్, అంటే అనుమతులు రాకముందే అమ్మే పథకంలో, మార్కెట్ ధరలో సగానికే రెండు పడకగదుల ఫ్లాటు, కాకపోతే సొమ్మంతా ఒకేసారి కట్టాలన్నారు. కట్టాం. నాన్నగారి పదవీ విరమణ డబ్బు, మా ఆవిడ నగలు తాకట్టు పెట్టి తెచ్చిన అప్పు, అంతా అందులోనే పోశాం. మూడేళ్లయింది. ఆ స్థలంలో ఇప్పటికీ నాలుగు హద్దురాళ్లు, తుప్పు పట్టిన రేకుల షెడ్డు, తుమ్మచెట్లు తప్ప మరేమీ లేవు.

రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ, ప్రాజెక్టుకు ఇచ్చే రిజిస్ట్రేషన్ నంబరు ఏదని మొదటి రోజే అడిగాను. ‘దరఖాస్తు పెట్టాం సార్, నెలలో వచ్చేస్తుంది’ అన్నాడు మార్కెటింగ్ కుర్రాడు. అప్పుడే లేచి వచ్చేయాల్సింది. 2016 నాటి రెరా చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేని ప్రాజెక్టుకు ప్రకటన ఇవ్వడమే తప్పు, ఇక అమ్మడం సంగతి చెప్పేదేముంది. స్థలం 500 చదరపు మీటర్లు మించకపోయినా, ఫ్లాట్లు 8 దాటకపోయినా మినహాయింపు ఉంది. మాకు చూపించిన బొమ్మలో అయిదు టవర్లున్నాయి!

‘మీ పేరున రిజిస్ట్రేషన్ చేసిస్తాం’ అన్న మాటకు పడిపోయాం. చేశారు కూడా. సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో వేలిముద్రలు వేసి, ఫొటో దిగి, దస్తావేజు పట్టుకుని బయటికొస్తుంటే ఇంటి తాళాలే చేతికొచ్చినంత సంబరం. మొన్న ఒక న్యాయవాది ఆ కాగితాలు తిరగేసి, ‘ఇందులో ఫ్లాటు అన్న మాట ఎక్కడుందో చూపించండి’ అన్నారు. వెతికాం. లేదు. అంతస్తు లేదు, ఫ్లాటు నంబరు లేదు, కార్పెట్ ఏరియా (గోడల లోపల వాడుకునే విస్తీర్ణం) లేదు, ఎప్పుడు అప్పగిస్తారో లేదు. ఉన్నదల్లా కొన్ని చదరపు గజాల అవిభాజ్య వాటా, అదే యూడీఎస్ అంటారే, అది. ముఖం కూడా తెలియని ఎంతోమందితో కలిసి ఉమ్మడి నేల. గీత గీసి ఇది మాది అని చూపించుకోలేం. రశీదులోనూ ‘స్థలం నిమిత్తం’ అనే రాశారు. ఆ రెండు మాటలు అప్పట్లో మా కంటికి ఆనలేదు.

దయచేసి ఒక్క విషయం గట్టిగా పట్టుకోండి. విక్రయ ఒప్పందం రాసి రిజిస్టర్ చేయనిదే ఫ్లాటు ధరలో 10 శాతానికి మించి తీసుకునే హక్కు బిల్డరుకు లేదు. కొనుగోలుదారుల నుంచి వచ్చిన సొమ్ములో 70 శాతం ఆ ప్రాజెక్టు ఖాతాలోనే ఉంచి, ఆ భూమికి, నిర్మాణానికే వాడాలి. రెరా రిజిస్ట్రేషనే లేని చోట ఆ ఖాతా లెక్క అడిగేవారే ఉండరు. ఎవరైనా నంబరు చెబితే మాట మీద నమ్మకుండా మీ రాష్ట్ర రెరా వెబ్‌సైటులో మీరే వెతికి చూడండి.

ఇప్పటికే కట్టేసినవారు బ్రోషరు, రశీదులు, వాట్సాప్ సందేశాలు ఏవీ పారేయకండి. ప్రకటనలోని తప్పుడు మాటలు నమ్మి డబ్బు కట్టినవారు వడ్డీతో సహా వెనక్కి అడగవచ్చని రెరా చట్టం 12వ సెక్షన్ చెబుతోంది. మేమూ అవన్నీ జతచేసి రెరాలో ఫిర్యాదు చేశాం. ప్రస్తుతానికి ఇంటి అద్దె, నగల మీద వడ్డీ రెండూ కట్టుకుంటున్నాం.