పెయ్రోనీస్ వంకరకు రాడ్ల ట్రాక్షన్ పరికరం: స్ప్రింగు భేష్, పట్టీ అంతంతమాత్రం

పెయ్రోనీస్ అంటే అంగం లోపలి పొరలో గట్టి గడ్డ ఏర్పడి అంగం వంగిపోయే జబ్బు. ఆ వంకర తగ్గేందుకు అంగాన్ని లాగి పట్టి సాగదీసే (ట్రాక్షన్) పరికరం ఇది. అడుగున ప్లాస్టిక్ రింగు, దానికి రెండు పక్కలా స్ప్రింగు రాడ్లు, పొడవు పెంచేందుకు మర తిప్పి బిగించే లోహపు ముక్కలు, శిశ్నాగ్రం కింద ఆనే చిన్న ఊయల, దాని మీద సిలికాన్ పట్టీ. పరికరమంతా ఇంతే. లాగే బలం దాదాపు 600 నుంచి 1500 గ్రాములు. ఎంతుందో రాడ్ మీది గీతలే చెబుతాయి. ఈ స్ప్రింగులకు వంక పెట్టలేం.

అంగంలో రక్తం నిండే రెండు గొట్టాలను ట్యూనికా ఆల్బుజీనియా అనే పొర కప్పి ఉంటుంది. లోపలి పోగులు చుట్టూరా, బయటి పోగులు నిలువునా సాగుతాయి. మామూలుగా ఉన్నప్పుడు 2 మి.మీ. దాకా మందం, స్తంభించినప్పుడు అర మి.మీ. లేదా ఇంకా తక్కువ. ఎలాస్టిన్ అనే సాగే ప్రొటీన్ ఉండబట్టి మొదట సులువుగా సాగుతుంది, ముడతల్లో ఉన్న కొలాజెన్ అనే గట్టి ప్రొటీన్ పోగులు నిటారు కాగానే బిగుసుకుంటుంది. గట్టిదనం ఆ బిగువు వల్లే వస్తుంది. పెయ్రోనీస్‌లో చిన్న గాయాలు సరిగా మానక కొలాజెన్ అడ్డదిడ్డంగా పేరుకుంటుంది, ఎలాస్టిన్ చెదిరిపోతుంది. ఆ చోటు ఇక సాగదు. ఒకవైపు ప్యాచ్ వేసిన సైకిల్ ట్యూబులో గాలి కొడితే ప్యాచ్ వైపుకే వంగినట్టు, అంగమూ గడ్డ ఉన్న వైపుకే వంగుతుంది.

ఇలాంటి కణజాలం గట్టిగా ఒక్కసారి లాగితే లొంగదు. తక్కువ బలం గంటల తరబడి పడితే కొద్దికొద్దిగా సాగుతుంది, కణాలూ ఆ లాగుడుకు తగ్గట్టు కొలాజెన్‌ను సర్దుకుంటాయి. అందుకే మొదటి రోజే 1500కు తిప్పడం శుద్ధ దండగ, పైగా నొప్పి. కింది గీతతో మొదలుపెట్టి వారాల మీద పెంచాలి. ఈ రకానికి రోజుకు కనీసం 3 గంటలు, అలా నెలల తరబడి పడుతుంది. అంత సమయం లేనివాళ్లు రెస్టోరెక్స్ లాంటి వేరే రకం ట్రాక్షన్ పరికరాలు అడగొచ్చు. అది వంకరకు ఎదురు దిక్కుకు కూడా వంచుతుంది, రోజుకు 30 నుంచి 90 నిమిషాలు వాడేలా పరీక్షించారు.

అసలు లోపం పట్టీలో ఉంది. చెన్నై ఉక్కపోతలో గంట తిరగకుండానే చెమటకు జారుతుంది. జారిందని ఇంకాస్త బిగిస్తే శిశ్నాగ్రానికి రక్తం ఆగిపోతుంది. రంగు నీలమైనా, చల్లబడినా, తిమ్మిరెక్కినా ఆ క్షణమే తీసేయాలి. సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, శిశ్నాగ్రం అంచు కింద పొడి గాజుగుడ్డ ఒక చుట్టు చుట్టి దాని మీద పట్టీ వేస్తే పట్టు నిలుస్తుంది. పౌడర్ వద్దు, ఇంకా జారుతుంది. గంటకోసారి విప్పి రక్తం ఆడనివ్వండి. పెట్టుకుని నిద్రపోవడం ఎంతమాత్రం కూడదు. స్పర్శ తగ్గిన షుగర్ రోగులు డాక్టరు చూడకుండా దీని జోలికి పోవద్దు.

కొనేముందు యూరాలజిస్టు దగ్గర అంగం స్తంభించేలా ఇంజెక్షన్ ఇచ్చి, రక్తప్రవాహం చూసే డాప్లర్ స్కాన్ చేయించుకోండి. వంకర ఎన్ని డిగ్రీలో, గడ్డలో సున్నం పేరుకుందో లేదో అందులో తేలుతుంది. సున్నం గట్టిపడిన గడ్డ మీద ట్రాక్షన్ ప్రభావం తక్కువే. ఇంజెక్షన్ తర్వాత స్తంభన 4 గంటలు దాటితే తెల్లారేదాకా ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలి. వంకర సంభోగానికి అడ్డుపడుతూ, ఏడాదిగా మారకుండా ఉంటే ముందు ఆపరేషన్ సంగతి మాట్లాడి, ఆ తర్వాతే దీనికి డబ్బు పెట్టండి.