40 ఎంఎం లోవరింగ్ (బండిని కిందికి దించే) స్ప్రింగుల సెట్: దించినంత బిగువు లేదు

ఎర్ర పెయింటు వేసిన నాలుగు స్ప్రింగులు, బ్రాండ్ పేరు లేని అట్టపెట్టె, దాని మీద "40 ఎంఎం డ్రాప్, స్టిఫ్" అని రెండు ముక్కలు. ఫోర్డ్ ఐకాన్, ఆ సైజు పాత సెడాన్లకు వైజాగ్‌లో వేయిస్తున్న సెట్లలో ఇదో రకం. స్ప్రింగ్ రేటు ఎంతని కౌంటర్లో అడిగితే ధర చెబుతారు. మనకు కావాల్సింది ఆ రేటు కాదు, స్ప్రింగును ఒక్క మిల్లీమీటరు నొక్కడానికి ఎన్ని కిలోలు పడతాయన్నది.

పెట్టె మీద రాయకపోతేనేం, వెర్నియర్ (మందం కొలిచే స్కేలు) ఉంటే తేల్చుకోవచ్చు. తీగ మందం, చుట్టు సగటు వ్యాసం (బయటి వ్యాసంలోంచి తీగ మందం తీసేయాలి), పనిచేసే చుట్ల సంఖ్య, ఈ మూడూ చాలు. సీటుకు (స్ప్రింగు కూర్చునే గిన్నెకు) ఆనుకుని ఉండే చివరి చుట్లు లెక్కలోకి రావు. కొలతలన్నీ మి.మీ.లలో తీసుకుని, 79,000ని (ఉక్కు మెలికకు ఎంత ఎదురు నిలుస్తుందో చెప్పే సంఖ్య) తీగ మందం నాలుగో ఘాతంతో గుణించి, దాన్ని 8 × వ్యాసం మూడో ఘాతం × చుట్లతో భాగిస్తే న్యూటన్లలో వస్తుంది. 9.81తో భాగిస్తే కిలోలు.

ఈ సెట్‌లో ముందు స్ప్రింగును పెయింటు మీద కొలిస్తే తీగ 12.4 మి.మీ. ఉంది. ఒకచోట పెయింటు గీకి చూస్తే 12. సగటు వ్యాసం 120, చుట్లు 5. పెయింటుతో లెక్కేస్తే మి.మీ.కు 2.75 కిలోలు వస్తుంది, అసలు ఉక్కుతో లెక్కేస్తే 2.4. మందానికి నాలుగో ఘాతం కాబట్టి పెయింటు పొర ఒక్కటే అంత తేడా తెస్తుంది. గీకకుండా కొలిచిన లెక్క నమ్మకండి.

ఇక అసలు గొడవ. లెక్క కోసం ముందు ఒక్కో స్ప్రింగు మీద 270 కిలోల బరువు, కంపెనీ స్ప్రింగు రేటు మి.మీ.కు 2 కిలోలు, బంప్ స్టాప్ రబ్బరు (స్ప్రింగు నొక్కుకోవడం చివరికొచ్చినప్పుడు దెబ్బ కాచే ముక్క) తగిలేదాకా 70 మి.మీ. ప్రయాణం ఉందనుకుందాం. గుంతలో స్ప్రింగు మింగే శక్తి, రేటులో సగాన్ని ప్రయాణం వర్గంతో గుణిస్తే వస్తుంది. కంపెనీ స్ప్రింగుకు అది 4,900 కిలో-మి.మీ. బండిని 40 దించితే మిగిలేది 30 మి.మీ., 2.4 రేటుతో 1,080. అంటే ఐదో వంతు కాస్త పైన. ఆ లోటు రేటుతోనే పూడ్చాలంటే 10.9 కిలోలు కావాలి, అది రోడ్డు బండికి పనికిరాదు. అందుకే ఈ సెట్ వేసిన బండి స్పీడ్ బ్రేకర్ దగ్గర స్ప్రింగు మీద కాదు, రబ్బరు మీద నడుస్తుంది. "స్టిఫ్‌గా ఉంది" అనిపించేది చాలావరకు ఆ రబ్బరే.

కిందివైపూ ఇబ్బందే. 2.4 స్ప్రింగు 270 కిలోలకు 112 మి.మీ. నొక్కుకుంటుంది. చక్రం కిందికి వేలాడే ప్రయాణం మొదట 80 ఉంటే, 40 దించాక 120 అవుతుంది. చక్రం పూర్తిగా వేలాడినప్పుడు స్ప్రింగు 8 మి.మీ. వదులు. జాకీ ఎత్తి స్ప్రింగును చేత్తో తిప్పితే గిర్రున తిరుగుతుంది. రోడ్డు మీద అదే టక్‌మన్న చప్పుడు, ఒక్కోసారి స్ప్రింగు తోక (తీగ చివరి కొన) సీటు తప్పి కూర్చుంటుంది.

బండి దించడానికి కంపెనీ స్ప్రింగునే కోయించడం ఇంకా నాసి. ఆరు పనిచేసే చుట్లలో ఒకటి కోస్తే బిగువు 20 శాతమే పెరుగుతుంది, సీటులో ఇమిడే తోక మాత్రం పోతుంది. గ్యాస్ కట్టర్‌తో అయితే ఆ చోట ఉక్కు టెంపర్ (వేడితో తెచ్చిన గట్టిదనం) కూడా పోతుంది.

మాప్రకారం సరైనది 20 మి.మీ. డ్రాప్, 2.6 రేటు. మింగే శక్తి లెక్క 3,250 వస్తుంది, స్ప్రింగు పూర్తిగా వేలాడినా 4 మి.మీ. బిగువుగానే ఉంటుంది. ఇంకా గట్టిది అడిగితే కింద మళ్లీ వదులవుతుంది. కంపెనీ రేటుతో సెకనుకు 1.36 ఊపులుండేవి 1.55 అవుతాయి. బీచ్ రోడ్డు మీద భీమిలి దాకా వెళ్లినా నడుం పట్టదు. మిగతా లోటుకు పొడవాటి మెత్తని పాలీయురేథేన్ బంప్ స్టాప్ వేయించండి, ఉన్న రబ్బరును కోయించకండి. షాకబ్జార్బర్ పట్టు సుమారు 14 శాతం పెరగాలి. అరిగిన పాతవాటి మీద కొత్త స్ప్రింగు వేస్తే బండి ఊగుతూనే ఉంటుంది.

వెనుక వైపు ఈ సెట్ మరీ దారుణం. వెనుక ముగ్గురు, డిక్కీలో సామాను ఉంటే ఒక్కో పక్కకు 90 కిలోలు పెరుగుతాయనుకోండి. రేటు 2 అయితే మరో 45 మి.మీ. కిందికి. అసలే 40 దిగిన బండి సింహాచలం ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు వెనుక భాగం ఈడ్చుకుంటూ పోతుంది. వెనుక 10, మహా అయితే 15 దించితే చాలు.

బిగించాక హబ్ మధ్య నుంచి మడ్‌గార్డు అంచుదాకా నాలుగు చక్రాలకూ కొలిచి రాసుకోండి. 500 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ కొలిచి, టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) తప్పకుండా చూపించండి. దించితే అది మారుతుంది. పెయింటు రాలేది ముందుగా తోక సీటుకు రాసుకునే చోట, మన సముద్రపు గాలికి తుప్పు మొదలయ్యేదీ, స్ప్రింగు విరిగేదీ అక్కడే. పాత స్ప్రింగు తోకకున్న రబ్బరు తొడుగు తీసి దాచి, కొత్తదానికి వేయించండి. ఈ పెట్టెలో అది ఇవ్వలేదు.