పార్కిన్సన్స్ అనుమానం: ఎం.ఆర్.ఐ. మేలా, డాట్ స్కాన్ మేలా?

చేయి వణకడం, కదలికలు నెమ్మదించడం చూసి పార్కిన్సన్స్ కావచ్చునని వైద్యులు అన్న తరువాత, ఎం.ఆర్.ఐ. తీయించాలా, డాట్ స్కాన్ తీయించాలా అని చాలామంది పాఠకులు పదే పదే అడుగుతున్నారు. ఎం.ఆర్.ఐ. మెదడు నిర్మాణాన్ని చూపుతుంది. డాట్ స్కాన్ మాత్రం మెదడు లోతున ఉండే స్ట్రయేటం అనే భాగంలోని నరాల చివర్లలో, కదలికలను నడిపే రసాయనమైన డోపమైన్‌ను తిరిగి లోపలికి తీసుకునే ప్రోటీన్ ఎంత మిగిలి ఉన్నదో చూపుతుంది.

డాట్ స్కాన్ బలం చిన్నది కాదు. రేడియోధార్మిక అయోడిన్-123 కలిపిన మందును నరంలోకి ఎక్కించి, 3 నుంచి 6 గంటల తరువాత చిత్రం తీస్తారు. ఆరోగ్యవంతులలో రెండు వైపులా కామా ఆకారంలో వెలుగు కనిపిస్తుంది. పార్కిన్సన్స్‌లో స్ట్రయేటంలో భాగమైన పుటామెన్ వెనుక భాగం ముందుగా మసకబారి, ఆ కామా చుక్కగా కుదించుకుపోతుంది. చేతులు వణికే వేరే వ్యాధి అయిన ఎసెన్షియల్ ట్రెమర్‌లోనూ, మానసిక వ్యాధుల మందుల వల్ల వచ్చే బిగుతు, వణుకులలోనూ ఇది సాధారణంగా మామూలుగానే ఉంటుంది. అందుకే 2015లో వెలువడిన అంతర్జాతీయ నిర్ధారణ ప్రమాణాలు, ఈ స్కాన్ మామూలుగా ఉంటే అది పార్కిన్సన్స్ కాదనడానికి గట్టి ఆధారమని పరిగణించాయి.

అయితే నా దృష్టిలో అసలు తేల్చవలసినది డోపమైన్ తగ్గిందా లేదా అన్నది కాదు, ఏ వ్యాధి వల్ల తగ్గిందన్నది. మల్టిపుల్ సిస్టం ఎట్రఫీ, ప్రోగ్రెసివ్ సుప్రాన్యూక్లియర్ పాల్సీ అనే రెండు వ్యాధులు తొలి దశలో పార్కిన్సన్స్‌లాగే కనిపిస్తాయి, కానీ పార్కిన్సన్స్‌కు ఇచ్చే ప్రధాన మందు లెవోడోపాకు అంతగా లొంగవు, త్వరగా ముదురుతాయి, మొదటిదానిలో నిలబడగానే రక్తపోటు పడిపోవడం, రెండవదానిలో మనిషి తరచూ కిందపడిపోవడం తొందరగానే మొదలవుతాయి. డాట్ స్కాన్ ఈ మూడింటిలోనూ తగ్గుదలనే చూపుతుంది కనుక వీటిని విడదీయలేదు. ఎం.ఆర్.ఐ. విడదీయగలదు. మధ్యమస్తిష్కం కుంచించుకుపోతే సుప్రాన్యూక్లియర్ పాల్సీని, మెదడు కాండంలో భాగమైన పాన్స్‌లో శిలువ ఆకారపు గీత కనిపిస్తే మల్టిపుల్ సిస్టం ఎట్రఫీని అనుమానిస్తారు. మెదడులో ద్రవం నిండి గదులు ఉబ్బిన స్థితి, చిన్న రక్తనాళాలు మూసుకుపోవడం, కణితి కూడా అదే పరీక్షలో బయటపడతాయి. వీటిలో కొన్నింటికి చికిత్స పూర్తిగా వేరు. అయితే ఈ గుర్తులు తొలి రోజుల్లో లేకపోవచ్చు, కనుక అవి కనిపించనంత మాత్రాన ఆ వ్యాధులు లేవని చెప్పడానికి వీల్లేదు.

పార్కిన్సన్స్‌లో ఎం.ఆర్.ఐ. మామూలుగానే వస్తుందన్న విమర్శ సాధారణ పద్ధతుల విషయంలో నిజమే. లక్షణాలు బయటపడే నాటికి మధ్యమస్తిష్కంలోని సబ్‌స్టాన్షియా నైగ్రాలో డోపమైన్ కణాలు గణనీయంగా నశించి ఉన్నా, మామూలు చిత్రాల్లో ఆ మార్పు కంటికి ఆనదు. కానీ బలమైన అయస్కాంతం గల 3 టెస్లా యంత్రంపై ఇనుమును గుర్తించే ఎస్.డబ్ల్యూ.ఐ. పద్ధతిలో చూస్తే, ఆరోగ్యవంతులలో వానకోయిల తోకలా చీలి కనిపించే, ఆ డోపమైన్ కణాల గుంపు అయిన నైగ్రోసోమ్-1 పార్కిన్సన్స్ రోగులలో చాలావరకు మాయమవుతుంది. అదే కణాలలోని నల్లని వర్ణకమైన న్యూరోమెలనిన్‌ను ఎం.ఆర్.ఐ.లో చూడగలమని 2006లో జపాన్ పరిశోధకులు చూపారు. ఇది రేడియేషన్ లేకుండా, నశించే కణాలున్న చోటునే నేరుగా చూసే మార్గం కావడం వల్ల, రానున్న కాలంలో వ్యాధి గమనాన్ని కొలిచేందుకు ఇదే ఎక్కువగా ఉపయోగపడుతుందని నేను నమ్ముతున్నాను. అయితే తల కదిలితే ఈ చిత్రాలు చెడిపోతాయి, చదివేవారికి అనుభవం కావాలి, నైగ్రోసోమ్ మాయమవడం మల్టిపుల్ సిస్టం ఎట్రఫీ, సుప్రాన్యూక్లియర్ పాల్సీలలోనూ కనిపిస్తుంది.

కణతల గుండా చేసే అల్ట్రాసౌండ్ తేలికైనదే కానీ, కొందరిలో ఎముక అడ్డుపడుతుంది, ఫలితం చేసేవారి నైపుణ్యంపై ఆధారపడుతుంది. మెదడులో డోపమైన్ తయారీని చూపే ఎఫ్-డోపా పెట్ స్కాన్ సమర్థమైనదే కానీ అన్ని చోట్లా దొరకదు.

కనుక నా సలహా ఇది: పరీక్షించిన న్యూరాలజిస్టుకు సందేహం ఉంటే ముందుగా ఎం.ఆర్.ఐ. తీయించండి, వీలైతే 3 టెస్లాపై ఎస్.డబ్ల్యూ.ఐ. కూడా ఉండేలా అడగండి. ఆ తరువాతా ఇది ఎసెన్షియల్ ట్రెమరా, పార్కిన్సన్సా అన్న సందేహం మిగిలితేనే డాట్ స్కాన్‌కు వెళ్లండి. పేస్‌మేకర్ ఉన్నవారు ఎం.ఆర్.ఐ.కి ముందే ఆ విషయం చెప్పాలి. డాట్ స్కాన్‌కు వెళ్లేవారు తాము వాడే మందుల జాబితా చూపాలి. లెవోడోపాను సాధారణంగా ఆపనక్కర లేదు గానీ, బ్యూప్రోపియాన్, మిథైల్‌ఫెనిడేట్ వంటివి ఫలితాన్ని మార్చగలవు కనుక వాటిని ఎప్పుడు ఆపాలో వైద్యులే నిర్ణయించాలి.