పరుగు కోసం మూడేళ్ళు యాంటీ ఆక్సిడెంట్ మాత్రలు వేసుకున్నాను

పరుగు మొదలుపెట్టిన రెండో నెలలోనే ఈ మాత్రలూ మొదలుపెట్టాను. రోజుకు విటమిన్ సి 1000 మిల్లీగ్రాములు, విటమిన్ ఇ 400 యూనిట్ల క్యాప్సూల్ ఒకటి. మూడేళ్ళలో వేసుకోని రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మానేసి ఇప్పటికి ఏడాదిన్నర. రెండు కాలాలూ చూశాను కాబట్టి ఇది రాస్తున్నాను.

నేను కోరుకున్నది ఒక్కటే. ఆదివారం ఎక్కువ దూరం పరిగెత్తాక సోమ, మంగళవారాల్లో మెట్లు దిగుతుంటే తొడలు పట్టేయకూడదు. గట్టిగా వ్యాయామం చేస్తే ఒంట్లో ఫ్రీ రాడికల్స్ అనే చురుకైన అణువులు పెరుగుతాయి, అవి కండరాన్ని దెబ్బతీస్తాయి, యాంటీ ఆక్సిడెంట్లు వాటిని అణిచేస్తాయి. వినడానికి చాలా సబబుగా ఉంది, నమ్మేశాను.

నొప్పి పదికి ఎంత అని డైరీలో రాసుకునేదాన్ని. మొదట్లో ఏడు, ఎనిమిది. ఆరు నెలలు గడిచేసరికి మూడు. ఇంకేం, మాత్రలు పనిచేస్తున్నాయనుకున్నాను. అప్పుడే చూసి ఉండాల్సింది, ఇప్పుడు పేజీలు తిరగేస్తే స్పష్టంగా కనిపిస్తోంది: దూరం పెంచిన ప్రతిసారీ అంకె మళ్ళీ ఆరుకో ఏడుకో ఎగబాకింది. మూడు, నాలుగు వారాలు అదే దూరం పరిగెత్తాక దానంతట అదే దిగింది. మాత్రలు మానేశాక కూడా ఈ వరుస మారలేదు. మానేసిన మొదటి నెలంతా ఒకటే టెన్షన్, ఏ చిన్న నొప్పి వచ్చినా మాత్ర లేకపోవడం వల్లే అనిపించేది. డైరీలో మాత్రం అదే మూడు. అలవాటైన పనికి కండరం తనే గట్టిపడుతుంది, ఆ ఘనత నేను డబ్బాకు కట్టబెట్టాను.

ఇబ్బందుల విషయానికొస్తే, పరగడుపున విటమిన్ సి వేసుకుని పరుగుకు వెళ్తే కడుపులో తిప్పేది. రెండుసార్లు సగం దారిలో వెనక్కి వచ్చేశాను. భోజనం తర్వాతకు మార్చుకున్నాక సర్దుకుంది. పెద్దవాళ్ళకు రోజుకు 2000 మిల్లీగ్రాములు దాని గరిష్ఠ పరిమితి. అది దాటితే విరేచనాలు పట్టుకోవచ్చు. కిడ్నీలో రాళ్ళు వచ్చినవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. విటమిన్ ఇతో నాకేమీ కాలేదు కానీ, రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు డాక్టర్ని అడగకుండా పెద్ద మోతాదులో వేసుకోకూడదు.

మాతో పాటు పరిగెత్తే డాక్టరుగారు ఒకావిడ ఉన్నారు. ఒకరోజు నా సంచిలో డబ్బా చూసి, "ఏం తక్కువైందని వేసుకుంటున్నావమ్మా?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రే చదవడం మొదలుపెట్టాను.

2009లో జర్మనీ పరిశోధకులు ప్రచురించిన ఒక ప్రయోగం దగ్గర ఆగిపోయాను. అందులో యువకులతో నాలుగు వారాలు వ్యాయామం చేయించారు. సగం మందికి విటమిన్ సి 1000 మిల్లీగ్రాములు, విటమిన్ ఇ 400 యూనిట్లు. అంటే నేను మింగుతున్న మోతాదే! వ్యాయామం వల్ల ఇన్సులిన్ బాగా పనిచేయడం అనే లాభం మాత్రలు వేసుకోనివాళ్ళలో కనిపించింది, వేసుకున్నవాళ్ళలో కనిపించలేదు. కారణం చదివితే నాకు నిజంగా బాధ కలిగింది. వ్యాయామంలో పుట్టే ఫ్రీ రాడికల్స్ కండరానికి కబురు కూడా మోస్తాయి. కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాను పెంచుకో, సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్ లాంటి నీ సొంత రక్షణ ఎంజైములను తయారుచేసుకో అన్నది ఆ కబురు. నేను రోజూ దాన్నే నొక్కేయడానికి మాత్రలు వేసుకున్నాను.

అలాగని ఇవి నా వేగం తగ్గించాయని చెప్పలేను. 2014లో నార్వే వాళ్ళు ఆడా మగా 54 మందితో 11 వారాలు చేసిన ప్రయోగంలో పరుగు సామర్థ్యంలో తేడా రాలేదు. కండరంలో మైటోకాండ్రియాకు సంబంధించిన ప్రొటీన్లు మాత్రం మాత్రలు లేనివాళ్ళలోనే పెరిగాయి. విటమిన్ సికి ఒక మాట ఇవ్వాలి: మారథాన్ పరిగెత్తేవాళ్ళు, గడ్డకట్టే చలిలో శ్రమపడే సైనికుల్లాంటివాళ్ళు క్రమం తప్పకుండా వేసుకుంటే జలుబు చేసే అవకాశం దాదాపు సగానికి తగ్గినట్టు పరిశీలనల్లో తేలింది. మామూలు జనానికి ఆ లాభం లేదు. నాకైతే అప్పుడూ ఇప్పుడూ ఏడాదికి రెండు, మూడు జలుబులే.

సిగరెట్లు తాగే మా బావగారు "నాకూ ఒక డబ్బా తెప్పించు" అన్నప్పుడు మాత్రం గట్టిగా వద్దన్నాను. ఆయన అడిగిన మిశ్రమంలో బీటా కెరోటిన్ అనే మరో యాంటీ ఆక్సిడెంట్ ఉంది. ఫిన్లాండ్‌లో పొగతాగే మగవాళ్ళు 29,133 మందితో చేసిన పరీక్ష ఫలితం 1994లో వచ్చింది. రోజుకు 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ తీసుకున్నవాళ్ళలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా కనిపించింది.

డాక్టరుగారి ప్రశ్నకు జవాబు తర్వాత రక్త పరీక్షలో దొరికింది. నాకు తక్కువైంది ఐరన్. ఎత్తు ఎక్కేటప్పుడు వచ్చే ఆయాసాన్ని వయసు మీదికి నెట్టేసి, మూడేళ్ళు వేరే మాత్రలు మింగాను. ఐరన్ వేసుకున్న మూడు నెలలకు ఆ ఆయాసం తగ్గింది. ఆవిడ ఇక చాలన్న రోజున ఆ మాత్ర కూడా ఆపేశాను.