మారేడుమిల్లి నుంచి అరకు దాకా: ఎక్స్‌పల్స్‌కు చేయించిన మార్పులు, మన్యం దారులు

మన్యం దారుల కోసం మోటార్‌సైకిల్‌ను తీర్చిదిద్దుకోవాలనుకునేవారు ఇంజను జోలికి వెళ్లనక్కర్లేదు. ముందుగా టైర్లు, స్ప్రింగులు, ఇంజను కింది రక్షణ పలక చూసుకుంటే చాలు. రాజమహేంద్రవరంలో బయలుదేరి మారేడుమిల్లి, మోతుగూడెం, సీలేరు, చింతపల్లి, పాడేరు మీదుగా అరకు చేరేసరికి నాకు ఈ నమ్మకం బాగా గట్టిపడింది. నా బండి హీరో ఎక్స్‌పల్స్ 200 4వి. వానలు వెనకబట్టి, ఎర్రమట్టి ఇంకా పూర్తిగా ఆరని అక్టోబరులో ఈ ప్రయాణం చేశాను.

ఈ బండి షోరూములో ఉన్నప్పుడే సగం అడవికి సిద్ధమై ఉంటుంది. ముందు 21 అంగుళాలు, వెనుక 18 అంగుళాల స్పోకు చక్రాలు. నేలకూ ఇంజనుకూ మధ్య 220 మిల్లీమీటర్ల ఖాళీ. సస్పెన్షన్ ముందు 190, వెనుక 170 మిల్లీమీటర్ల మేర కదులుతుంది. ఇంతకు మించి కావాలన్నవారి కోసం కంపెనీయే ర్యాలీ కిట్ తెచ్చింది. దానితో ఆ కదలిక ముందు 250, వెనుక 220 మిల్లీమీటర్లకు పెరుగుతుంది. 2023లో వచ్చిన ప్రో రకానికి ఈ కొలతలు పుట్టుకతోనే ఉన్నాయి. అయితే దాని సీటు ఎత్తు 891 మిల్లీమీటర్లు. నా ఎత్తు ఐదడుగుల ఆరంగుళాలు. రాళ్ల మధ్య ఏటవాలులో బండి ఒక పక్కకు ఒరిగినప్పుడు కాలు నేలకు అందకపోతే ఎంత మంచి సస్పెన్షన్ అయినా పడిపోకుండా కాపాడలేదు. అందుకే ర్యాలీ కిట్ వద్దనుకుని, ఎత్తు పెంచని మార్పులే ఎంచుకున్నాను. ఆరడుగుల మనిషి అడిగితే మాత్రం ప్రో రకమే కొనమంటాను.

మార్పులకు ముందు చట్టం సంగతి తెలుసుకోవాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ కింద అలాంటి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. ఒక దుకాణంలో సైలెన్సరు మార్చితే బండి లాగుడు పెరుగుతుందని నన్ను గట్టిగా ఒత్తిడి చేశారు. నేను ఒప్పుకోలేదు. చట్టం ఒక కారణమైతే, పాపికొండల చుట్టుపక్కల అడవుల్లో ఆ చప్పుడు పెట్టుకుని తిరగడం నాకు అన్యాయంగా తోచడం అంతకంటే పెద్ద కారణం.

రాజమహేంద్రవరంలోని వర్క్‌షాపులో పని శ్రద్ధగా చేశారు. నన్ను బండి మీద కూర్చోబెట్టి, వెనుక భాగం ఎంత కిందికి దిగుతోందో టేపుతో కొలిచారు. సామానుతో కలిపి కూర్చుంటే సుమారు యాభై మిల్లీమీటర్లు, అంటే మొత్తం కదలికలో మూడో వంతుకు కాస్త తక్కువ, దిగేలా వెనుక స్ప్రింగు బిగువు సరిచేశారు. ముందు ఫోర్కుల్లో కొంచెం చిక్కటి నూనె, గట్టి స్ప్రింగులు వేశారు. కొలవకుండానే ‘ఫుల్ టైట్’ చేసేసే చోట్లు ఉంటాయి. అక్కడికి వెళ్లకండి. మరీ బిగిస్తే వెనుక చక్రం రాళ్ల మీద ఎగిరి పడుతూ నేలను పట్టుకోదు, ఆపైన మంచి టైరు వేసినా వృథా.

టైర్లకు పెద్ద పెద్ద బొడిపెలున్న రకం ఎంచుకున్నాను. తడి తారు మీద ఇవి జారతాయి, అరుగుదల కూడా త్వరగా వస్తుంది. కానీ గుడిసె అనే కొండ ఎక్కేటప్పుడు వాటి విలువ తెలిసింది. మారేడుమిల్లి నుంచి పుల్లంగి దాటాక దారి క్రమంగా చెడి, చివరి ఎక్కుడులో ఎర్రమట్టి, విడిరాళ్లు, నీళ్లు కోసిన గండ్లు మాత్రమే ఉంటాయి. జీపులు పైకి వెళ్తాయి గానీ వాటి చక్రాల జాడల మధ్య మోటార్‌సైకిల్‌కు మిగిలేది ఒక సన్నటి గట్టు. కింద ఆగి గాలి ముందు 20, వెనుక 22 పీఎస్‌ఐకి తగ్గించాను. ఇంకా తగ్గిస్తే పట్టు పెరుగుతుంది కానీ, ఇవి ట్యూబున్న చక్రాలు. రాయి తగిలినప్పుడు రిమ్ముకూ రాయికీ మధ్య ట్యూబు నలిగి చిరుగుతుంది. అందుకే మందపాటి ట్యూబులు వేయించాను.

అక్కడే మరో చిన్న మార్పు పెద్ద పని చేసింది. చైను తిరిగే పళ్ల చక్రాల్లో ముందుదాన్ని, అంటే ముందు స్ప్రాకెట్‌ను, ఒక పన్ను తక్కువ ఉన్నదానితో మార్చాను. ముందు ఒక పన్ను తగ్గితే వెనుక దాదాపు మూడు పళ్లు పెంచినట్టే. దాంతో మొదటి గేరులో నడక వేగంతో, క్లచ్ పట్టుకుని లాగించకుండా, నింపాదిగా ఎక్కగలిగాను. ఖర్చు చాలా తక్కువ, ఫలితం చాలా ఎక్కువ. దీనికి మూల్యం హైవే మీద చెల్లించాలి: ఎనభై దాటితే ఇంజను అరుస్తుంది. మన్యంలో ఎనభై ఎక్కడా అవసరం పడదు కాబట్టి నాకు బాధ లేదు.

గుడిసె పైన పచ్చిక బయళ్లు చూసినప్పుడు మనసు నిండిపోయింది, వెంటనే కోపమూ వచ్చింది. కొందరు దారి వదిలి గడ్డి మీద బళ్లు తిప్పిన గుర్తులు మచ్చల్లా ఉన్నాయి. అలాంటి టైర్లు వేసుకున్నవారికి బాధ్యత ఇంకా ఎక్కువ. బొడిపెలు పెకలించిన గడ్డి మళ్లీ పట్టుకునే లోపు వాన ఆ మట్టిని కోసుకుపోతుంది. దారి ఉన్నంతవరకే బండి, తర్వాత కాలినడక.

బసల్లో నాకు బాగా నచ్చింది మారేడుమిల్లి. అటవీ శాఖ ఆధ్వర్యంలోని కాటేజీల్లో గది ఖరీదుకు తగ్గట్టుగా ఉంది, బండి కళ్లెదుటే నిలుపుకోవచ్చు, బురద కడుక్కోవడానికి నీళ్లు అడిగితే ఇచ్చారు. రాత్రికి రోడ్డు పక్క బొంగు చికెన్ తినాలి. వెదురు బొంగులో నూనె లేకుండా నిప్పుల మీద ఉడికిన ఆ మాంసం కోసం ఆగడం సబబే. వారాంతంలో మాత్రం గది ముందే బుక్ చేసుకోవాలి.

మోతుగూడెం నుంచి డొంకరాయి, సీలేరు, గూడెం కొత్తవీధి మీదుగా చింతపల్లి చేరే దారి మొత్తం యాత్రలోకెల్లా నాకు ప్రియమైనది. జలవిద్యుత్ కేంద్రాలు, జలాశయాలు, తర్వాత ఆర్‌వీ నగర్ దగ్గర కాఫీ తోటలు. తారు చాలాచోట్ల లేచిపోయింది, వాగులు రోడ్డుకు అడ్డంగా పారుతున్నాయి. లేచి నిలబడి నడపడానికి వీలుగా హ్యాండిల్‌ను కొంచెం పైకి లేపే ముక్కలు, వెడల్పాటి కాలి పెడళ్లు పెట్టించడం ఇక్కడ ఉపయోగపడింది. నిలబడితే గుంతల దెబ్బ నడుముకు కాక మోకాళ్లకు వెళ్తుంది, దారి కూడా దూరం నుంచి కనిపిస్తుంది. ఇంజను కింద కంపెనీ ఇచ్చిన పలక స్థానంలో పక్కలు కూడా కప్పే వెడల్పాటి అల్యూమినియం పలక వేయించాను. డొంకరాయి దాటాక ఒక రాయి దాన్ని గట్టిగానే తాకింది. పలక సొట్టపడింది, ఇంజను భద్రంగా ఉంది. ఈ దారిలో పర్యాటక వసతులు దాదాపు లేవు. పెట్రోలు, నీళ్లు, తిండి ముందే చూసుకుని, పొద్దుండగానే చింతపల్లి చేరేలా బయలుదేరాలి. పదమూడు లీటర్ల ట్యాంకు నిండా ఉంటే ఇంధనానికి దిగులు లేదు.

చింతపల్లిలో వెనుక చక్రంలో మేకు దిగింది. అక్కడి పంక్చరు షాపు ఆయన ఈ గట్టి టైరును రిమ్ము నుంచి విడదీయడానికి చాలాసేపు కష్టపడ్డారు, విసుక్కోలేదు. అడిగిన డబ్బుకంటే ఎక్కువిచ్చినా తక్కువే అనిపించింది. ఊళ్లలో 21 అంగుళాల ట్యూబు దొరకదు కాబట్టి ఒకటి వెంట ఉంచుకోవాలి. అవసరమైతే దాన్నే వెనుక 18 అంగుళాల చక్రంలో మడిచి ఎక్కించి, మెల్లగా తదుపరి పట్టణం దాకా వెళ్లవచ్చు. ముందు ట్యూబు వెనుకకు పనికొస్తుంది, వెనుకది ముందుకు పనికిరాదు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు అనుచరులతో దాడి చేసింది ఈ చింతపల్లి పోలీసు స్టేషను మీదే. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. ఈ కొండల మధ్య కాలినడకన అంత వేగంగా కదిలారన్నది ఈ దారుల్లో బండి నడిపాక నాకు ఇంకా గొప్పగా తోచింది.

లంబసింగి గురించి ఎక్కువ రాయను. తెల్లవారుజామున మంచు నిజంగా బాగుంటుంది, కానీ చలికాలం సెలవుల్లో గుడారాలు, పాటల పెట్టెలు, వాహనాల వరుసలు దాన్ని మింగేస్తాయి. నేను బస చేసిన గుడారంలో తడి పరుపు, రాత్రంతా జనరేటరు చప్పుడు. ఇచ్చిన డబ్బుకు అది ఏ మాత్రం తగదు. చింతపల్లిలోనే మామూలు లాడ్జిలో పడుకుని తెల్లవారకముందే లంబసింగి వెళ్లడం మేలు.

పాడేరు దగ్గరి వంజంగికి మాత్రం తప్పక వెళ్లండి. కొండ మీదికి చివరి భాగం నడవాలి. పైనుంచి లోయంతా మేఘాలతో నిండి కనిపిస్తుంది. అక్కడికి ఏ మార్పులూ లేని బండి, ఆటో సరిపోతాయి కాబట్టి టైర్ల గొప్ప చెప్పుకునే చోటు కాదు.

అరకులో పర్యాటక సంస్థ హరిత రిసార్టులు శుభ్రంగా ఉన్నాయి, తోట విశాలం, భోజనం సాధారణం. బండి నిలిపే చోటు నుంచి గది కాస్త దూరం, సామాను విప్పి మోసుకోవాలి. కుటుంబంతో వస్తే ఇక్కడే ఉండాలి, ఒంటరిగా బండి మీద వస్తే ఊళ్లోని చిన్న బస చవక.

అనంతగిరి ఘాటు దిగేటప్పుడు గాలి మళ్లీ మామూలు స్థాయికి నింపించాను. తడి మలుపుల్లో ఈ టైర్ల మీద బ్రేకు చాలా సున్నితంగా వేయాలి. బ్రేకు వేసినప్పుడు చక్రం లాక్ కాకుండా చూసే ఏబీఎస్ ఈ బండికి ముందు చక్రానికే ఉంది, మట్టిదారి దిగేటప్పుడు మేలు చేసిన ఆ ఏర్పాటు వల్లే తడి తారు మీద వెనుక చక్రం లాక్ కావచ్చు. విశాఖలో చైను కడిగించి, స్పోకులు ఒక్కొక్కటీ తట్టి చూపించాను. నాలుగైదు వదులయ్యాయి, బిగించారు. ఇక మిగిలింది ఒకటే: వచ్చే వానాకాలంలోపు వెనుక రిమ్ముకు టైరు జారకుండా పట్టుకునే రిమ్ లాక్ వేయించాలి. అది ఉంటే గుడిసె ఎక్కుడులో గాలి ఇంకొంచెం తగ్గించినా ట్యూబుకు గాలి నింపే వాల్వు మెడ తెగదు.