పిల్లలున్న ఇంటికి 50ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్: ఏళ్ల తరబడి వాడాక నా మాట

కెనాన్ 200డీ కెమెరా, దాని మీద 50ఎంఎం ఎఫ్ 1.8 ఎస్‌టీఎం లెన్స్. మా అబ్బోడు బోర్లాపడే వయసులో మొదలుపెట్టి, ఇప్పుడు వాడు "చాల్లేమ్మా" అని మొహం తిప్పుకునే దాకా మా ఇంట్లో ఇదే జోడీ. కెమెరాతో వచ్చిన 18-55 కిట్ లెన్స్ ఉంది, తర్వాత కొన్న 55-250 జూమ్ కూడా ఉంది. అయినా గోడకెక్కినవీ ఆల్బమ్‌లో నిలిచినవీ చూస్తే ముప్పాతిక వంతు ఈ చిన్న లెన్స్‌తో తీసినవే. పిల్లల ఫోటోలకి ఇదొక్కటే సరిపోతుందా అని అడుగుతుంటారు. సరిపోదు. కానీ కిట్ లెన్స్ తర్వాత డబ్బులు పెట్టాల్సింది మాత్రం దీని మీదే, జూమ్ మీద కాదు.

ఎందుకంటే మన ఇళ్లలో వెలుతురు తక్కువ. తిరుపతిలో మాది మామూలు రెండు బెడ్‌రూముల ఇల్లు, పక్కింటి గోడ కిటికీకి ఆనుకున్నట్టే ఉంటుంది. సాయంత్రమైతే హాల్లో ఒక్క ట్యూబ్‌లైటే దిక్కు. 18-55ని 50 దగ్గరకి తిప్పితే ఎఫ్ 5.6 కంటే తెరుచుకోదు. ఇదేమో 1.8. ఈ ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ తెరుచుకుంటుంది. లెక్క కడితే దాదాపు పది రెట్లు ఎక్కువ వెలుతురు లోపలికి వస్తుంది. అక్కడ షట్టర్ సెకనులో 13వ వంతు దగ్గర ఈడుస్తుంటే, అదే ఐఎస్ఓకి (వెలుతురుని పట్టుకునే సున్నితత్వం) ఇక్కడ 125వ వంతు దొరుకుతుంది. జూమ్‌లో చేతి వణుకుని ఆపే స్టెబిలైజర్ ఉంది కదా అంటారు. అది ఆపేది నా చేతి వణుకుని. పప్పన్నం ముద్ద నోటి దాకా వచ్చాక తల పక్కకి తిప్పేసే పిల్లోణ్ని ఏ స్టెబిలైజరూ ఆపలేదు, షట్టర్ వేగం ఒక్కటే ఆపగలదు.

అట్లాగని ఎప్పుడూ 1.8 దగ్గరే పెట్టుకుంటే కుదరదు. మీటరు దూరంలో ఉన్న మొహాన్ని 1.8లో తీస్తే స్పష్టంగా పడేది మూడు సెంటీమీటర్ల లోపు మందమే. పిల్లోడు మొహం కాస్త పక్కకి తిప్పాడంటే ఒక కన్ను నిక్కచ్చిగా ఉంటుంది, రెండోది మసక. నేను ఒక్కరి మొహానికి 2.8, ఇద్దరుంటే 4 పెడతాను. ఆ నంబర్ల దగ్గర ఈ లెన్స్ ఇచ్చే పదును చూస్తే దీని ధర గుర్తుకు రాదు.

వాడికి పుట్టు వెంట్రుకలు తీయించిన రోజు ఫోటో ఒకటుంది. తిరుమలలో కళ్యాణకట్ట నుంచి బయటికి వచ్చాక, చెట్టు నీడలో మా ఆయన భుజం మీద కూర్చోబెట్టి తీసింది. గుండు మీద పూసిన గంధం ఎండకి ఆరి సన్నగా పగుళ్లిచ్చింది. ఆ పగుళ్లు, చెవి వెనక కత్తి అందక మిగిలిపోయిన నాలుగు వెంట్రుకలు, ఏడ్చి ఏడ్చి కనురెప్పలకి అంటుకున్న తడి, అన్నీ విడివిడిగా కనిపిస్తాయి. అదే నిమిషంలో మా మరిది ఫోన్‌లో తీసిన ఫోటో కూడా ఉంది. అందులో గంధం నున్నగా, పచ్చరంగు పూసినట్టుంది. ఫోన్లు ఇప్పుడు బాగా మెరుగయ్యాయి, కాదనను. కానీ చర్మాన్ని నున్నగా చేసే అలవాటు మాత్రం వాటికి ఇంకా పోలేదు.

నడక దారిలో దీని అసలు సుఖం తెలుస్తుంది. అలిపిరి నుంచి కొండ దాకా 3,550 మెట్లు. కెమెరా 453 గ్రాములు, లెన్స్ 160, రెండూ కలిపి ముప్పావు కిలో కూడా లేదు. మిగతా సామాను అలిపిరిలోనే అప్పజెప్పేస్తాం, కొండ మీద తీసుకోవచ్చు. మెడలో ఇదొక్కటే. ఆ దారిలో మెట్ల మీద చాలాచోట్ల కప్పు వేసి ఉంటుంది కాబట్టి నెత్తిన ఎండ పడదు, పక్కల నుంచి మెత్తటి వెలుతురు వస్తుంది. మొహాలకి అంతకంటే మంచి వెలుతురు స్టూడియోలో కూడా చూడలేదు. మా అత్తమ్మ మొక్కు తీర్చుకుంటూ మెట్టు మెట్టుకీ వంగి పసుపు కుంకుమ పెడుతుంటే, నేను రెండు మెట్లు పైకెక్కి వెనక్కి తిరిగేదాన్ని. ఈ లెన్స్ 35 సెంటీమీటర్ల దాకా దగ్గరకి పోనిస్తుంది. పసుపు అంటి ముడతలు తేలిన రెండు వేళ్లు, కింద రాయి మీద అంతకుముందు ఎవరో పెట్టిన బొట్టు చెదిరిపోయి, దాని పక్కన ఈమె పెట్టిన కొత్త బొట్టు. అత్తమ్మకి ఆ ఫోటో నచ్చలేదు, "మొహం లేకుండా ఏం ఫోటో అది" అనింది. గుడిలోకి కెమెరా ఎట్లాగూ పోనివ్వరు కాబట్టి, మా తిరుమల ఆల్బమ్ మొత్తం మెట్ల దగ్గరే నిండుతుంది.

ఇక కుదరని చోట్లు. 200డీ సెన్సర్ చిన్నది, అందుకని దీని మీద 50 కాస్తా 80ఎంఎం చూపుగా మారుతుంది, అంటే ఫ్రేములో పట్టేది తగ్గుతుంది. సోఫాలో నలుగురిని కూర్చోబెట్టి అందరినీ పట్టాలంటే ఐదు మీటర్లు వెనక్కి పోవాలి. మా హాల్లో ఐదు మీటర్లు వెనక్కి పోతే వంటింటి గట్టు తగులుతుంది. పుట్టినరోజు కేకు, పండగ పూజ, చుట్టాలంతా కలిసిన భోజనాలు, వీటికి 18-55 తప్పదు. చంద్రగిరి కోటలో రాజమహల్ ముందు నిలబెడితే మనుషులు పడతారు, మహల్ పడదు. తలకోనలో అయితే జలపాతం సుమారు 270 అడుగుల ఎత్తు, మీకు దక్కేది మధ్య ముక్కే. 55-250కి మా దగ్గర పని దొరికేది నేలపట్టు పక్షుల కేంద్రంలో గూడబాతుల దగ్గర, జూలో పులి దగ్గర. మిగతా కాలమంతా డబ్బాలో సిలికా పొట్లాల మధ్య ఉంటుంది. మా దగ్గర వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి, ఆ చెమ్మలో లెన్సులకి బూజు పట్టకుండా గాలి చొరని డబ్బా ఉండాల్సిందే.

గంగమ్మ జాతర గురించి కాస్త విడిగా చెప్పాలి, ఎందుకంటే మే నెలలో ఈ లెన్స్‌ని అంతకంటే ఎక్కువ పరీక్షించేది ఇంకోటి లేదు. జనంలో వెనక్కి జరిగే చోటుండదు, అందుకని నేను ఊరేగింపు జోలికి పోను, ఒక్కో మొహాన్నే పడతాను. బైరాగి వేషం వాళ్లు ఒళ్లంతా నాముకొమ్ము పూసుకుని వస్తారు. అంత తెలుపు ఫ్రేములో నిండితే కెమెరా దాన్ని ఎక్కువ వెలుతురు అనుకుని ఫోటోని చీకటి చేస్తుంది, నాముకొమ్ము బూడిద రంగులో పడుతుంది. ఎక్స్‌పోజర్‌ని, అంటే ఫోటోకి అందే వెలుతురుని, ఒక స్టాప్‌లో మూడింట రెండు వంతులు (+2/3) పెంచాలి. మర్నాడు బండ వేషం, అదంతా కుంకుమ ఎరుపు. ఎరుపు తొందరగా ఒకే ముద్దగా పడిపోయి గీతలన్నీ మాయమవుతాయి, అక్కడ తగ్గించాలి. 200డీకి తిప్పే చక్రం ఒక్కటే, ఇంకో బటన్ నొక్కిపట్టి తిప్పుకోవాలి. భుజాలు రాసుకుపోయే జనంలో అది కాస్త ఓపిక పనే.

ఫోకస్ సంగతి. వ్యూఫైండర్‌లో చూస్తే తొమ్మిదే పాయింట్లు, అందులో గట్టిది మధ్యదొక్కటే. 1.8 దగ్గర మధ్య పాయింటుతో కంటిని పట్టుకుని తర్వాత ఫ్రేము జరిపితే ఫోకస్ ముక్కు మీదకో చెవి మీదకో పోతుంది. స్క్రీన్ తెరిచి లైవ్ వ్యూలో మొహం మీద వేలు పెట్టండి, ఖచ్చితంగా పడుతుంది. పైగా స్క్రీన్ తిరుగుతుంది కాబట్టి పాకే పిల్లల ఎత్తుకి కెమెరాని నేల మీదే పెట్టొచ్చు, మనం నడుం వంచక్కర్లేదు. బ్యాటరీ మాత్రం గబగబా అయిపోతుంది. ఒకసారి ఛార్జింగుకి 650 ఫోటోలని కంపెనీ చెప్పే లెక్క వ్యూఫైండర్ వాడకానిది. రెండో బ్యాటరీ ఉంచుకోండి. ఇంకో విషయం, దగ్గర వస్తువు మీద ఫోకస్ చేసినప్పుడు లెన్స్ ముందు భాగం బయటికి వస్తుంది. కెమెరా ఆపేశాక రింగు తిప్పితే అది లోపలికి పోదు, మళ్లీ ఆన్ చేసి పంపాలి. లెన్స్ హుడ్ కొనుక్కుంటే ఆ భాగానికి దెబ్బ తగలకుండా ఉంటుంది.

ప్రింట్లు వేయించేవాళ్లకి ఒక మాట. ఈ కెమెరా ఫోటో 3:2 కొలతలో వస్తుంది, 4x6కీ 8x12కీ అచ్చంగా సరిపోతుంది. 8x10 అడిగారో, చివర నిలబడ్డ పెదనాన్న భుజం పోతుంది. ఇంకోటి, స్టూడియోలో అడగకుండానే మొహాలు తెల్లగా చేసి ఇస్తారు. మా ఇంట్లో అందరం చామనఛాయ. ఒకసారి ఆల్బమ్ తెచ్చుకుని చూస్తే మా నాయన ఎవరో పెళ్లికొడుకులా ఉన్నాడు. అప్పట్నుంచి "కరెక్షన్ వద్దు" అని కవరు మీద రాసి మరీ ఇస్తున్నాను. అయినా స్టూడియో అబ్బాయి ఇంకోసారి అడుగుతాడు, "నిజంగా వద్దా మేడం?" అని.

హాలు సమస్యకి ఇదే కంపెనీ 24ఎంఎం ఎఫ్ 2.8 ఎస్‌టీఎం చూస్తున్నాను. బరువు 125 గ్రాములు, పూరీ అంత పలచన. దానితో అయితే అదే సోఫాకి రెండున్నర మీటర్లు చాలు. వెలుతురు 1.8 అంత రాదు, కానీ చుట్టాలు వచ్చినప్పుడు వంటింట్లోకి పోయి నిలబడే పని తప్పుతుంది. వాడినది మంచి స్థితిలో దొరికితే అదే తీసుకుంటాను. 55-250ని మాత్రం అమ్మడానికి పెట్టాను, నేలపట్టుకి బైనాక్యులర్స్ పట్టుకుపోదామని మా ఆయన మాట.