తెర బరువుపై అమ్మకందారు రాసిన అంకెను నమ్మి పైకి ఎక్కించకండి

వేదిక కోసం కుట్టి సిద్ధంగా ఉన్న తెరలు కొనబోతున్న వారందరికీ ఈ హెచ్చరిక. మేము కొన్న మఖ్మల్ తెర వివరాల్లోనూ, బిల్లులోనూ బరువు 30 కిలోలని ఉంది. తరువాత కాటా మీద పెట్టి చూస్తే 88 కిలోలు తూగింది. రెండు భాగాల తెర రెండు మూటలుగా వచ్చింది. ఒక్కో మూటను నలుగురేసి పట్టుకుని దించడంతో ఎవరికీ అనుమానం రాలేదు.

ఆ 30 కిలోలనే లెక్కలో వేసుకుని పైపునూ, దాన్ని పట్టుకునే తాళ్లనూ ఎంచుకున్నాము. తెర కట్టిన పైపు మనిషి ఎత్తు దాటగానే వించి (తాళ్లను చుట్టి బరువును పైకి లాగే యంత్రం) తిప్పుతున్న అబ్బాయి పిడి బిగుసుకుంటోందని కేక వేశాడు. వెనక గోడ మీది రంగు గీతతో పోల్చి చూస్తే పైపు నడుమ నాలుగు వేళ్ల మందం కిందికి వంగి ఉంది. వెంటనే అందరినీ పక్కకు పంపించి మెల్లగా దించేశాము. ఎవరికీ దెబ్బ తగలలేదు, కానీ ఆ కొద్ది నిమిషాలు నేను ఊపిరి బిగబట్టే ఉన్నాను.

లెక్క ఎక్కడ తప్పిందో ఆ రాత్రే కూర్చుని చూశాను. మా తెర వెడల్పు 10 మీటర్లు, ఎత్తు 6 మీటర్లు, గుడ్డ చదరపు మీటరుకు 500 గ్రాములు. అమ్మకందారు 60 చదరపు మీటర్లను 500 గ్రాములతో హెచ్చవేసి 30 కిలోలని రాసేశారు. అయితే ఆ తెరకు నూరు శాతం కుచ్చులున్నాయి, అంటే 10 మీటర్ల వెడల్పు కప్పడానికి 20 మీటర్ల గుడ్డ పట్టింది. అక్కడే బరువు 60 కిలోలైంది. వెనక కుట్టిన అస్తరు చదరపు మీటరుకు 150 గ్రాములే అయినా 120 చదరపు మీటర్లకు 18 కిలోలు. కింది అంచులో దూర్చిన గొలుసు కూడా కుచ్చుల వెంట 20 మీటర్లూ సాగుతుంది కనుక, మీటరుకు 200 గ్రాముల చొప్పున 4 కిలోలు. పైనా కిందా మడిచి కుట్టిన గుడ్డ, పట్టీ, కొక్కేలు కలిసి మిగిలిన ఆరు కిలోలూ తేలాయి.

ఇందులో తెరను మోసే పైపు ఇంకా చేరలేదు. 48.3 మిల్లీమీటర్ల వ్యాసం, 3.2 మిల్లీమీటర్ల మందం గల ఉక్కు పైపు మీటరుకు సుమారు 3.56 కిలోలు తూగుతుంది. తెర అటూ ఇటూ జరిగే ట్రాక్ బరువు దానికి అదనం. పైగా జరిగే తెరను పూర్తిగా తెరిచినప్పుడు గుడ్డంతా రెండు కొసలకు చేరి కుప్పపడుతుంది కనుక, మొత్తం బరువును మీటర్లతో భాగించి ప్రతి తాడుకూ సమానంగా పంచిన లెక్క అప్పుడు పనికిరాదు.

గుడ్డ బరువును ఔన్సుల్లో చెప్పేవారితో మరింత జాగ్రత్తగా ఉండండి. 54 అంగుళాల పన్నా గుడ్డలో గజం పొడవుకు 20 ఔన్సులంటే చదరపు మీటరుకు దాదాపు 452 గ్రాములు. అదే చదరపు గజానికి 20 ఔన్సులంటే 678 గ్రాములు. ఏ గజమో అడగకుండా లెక్క మొదలుపెట్టకండి.

ఫిర్యాదు చేస్తే, తాము రాసింది «పరిచిన కొలత» బరువని, అంటే కుచ్చులు లెక్కపెట్టకుండా వేసినదని, అమ్మకందారు జవాబిచ్చారు. ఆ మాట బిల్లులో ఎక్కడా లేదు, వేలాడదీయడానికే అమ్మే వస్తువుకు అలాంటి బరువు రాయడం నా దృష్టిలో ఘోరమైన నిర్లక్ష్యం. కుచ్చుల శాతం, అస్తరు, గొలుసు అన్నీ కలిపి కుట్టు పూర్తయ్యాక కాటా మీద తూచిన బరువునే బిల్లులో రాయించుకోండి. సరుకు అందాక మీరూ ఒకసారి తూచండి. షాకిళ్లు (తాళ్లను తగిలించే U ఆకారపు లోహపు కడియాలు), తాళ్లు కొనేటప్పుడు అవి తెగే బరువును కాక, పనిలో మోయగల బరువును చూడండి. ఆపైన ఆ లెక్కను రిగ్గింగ్ (బరువులను పైకి లాగి వేలాడదీసే పని) తెలిసిన నిపుణుడికి చూపించాకే ఎక్కించండి.

మా తెర ఇంకా నేల మీదే ఉంది. దాని పై పట్టీ వెనక తెల్లగుడ్డ ముక్క కుట్టి, చెరగని సిరాతో «88 కిలోలు, పైపు కాకుండా» అని రాశాము.